ప్రాసెసరా, పెడల్సా? 20 వేలు ఖర్చు పెట్టే ముందు వేసుకోవాల్సిన 3 ప్రశ్నలు

ఈరోజు ఎపిసోడ్ ఎలక్ట్రిక్ గిటార్ వాయించే వాళ్ళ కోసం, కొత్తగా మొదలుపెట్టాలనుకునే వాళ్ళ కోసం.

"అన్నా, నా దగ్గర 20 వేలు ఉన్నాయి. ప్రాసెసర్ తీసుకోనా, పెడల్స్ తీసుకోనా?" నాకు వచ్చే మెసేజ్‌లలో ఎక్కువసార్లు కనిపించేది ఇదే. అడిగేది ఎవరంటే బీటెక్ థర్డ్ ఇయర్ వాళ్ళు, అప్పుడే మొదటి జీతం అందుకున్న వాళ్ళు, ఆదివారం చర్చిలో వాయించే తమ్ముళ్ళు, చెల్లెళ్ళు. వాళ్ళకి 20 వేలు అంటే నెలల తరబడి దాచుకున్న డబ్బు. "గిటార్ కొన్నావు కదరా, మళ్ళీ ఈ డబ్బా ఎందుకు?" అని ఇంట్లో అడిగితే సమాధానం చెప్పుకోవాల్సిన డబ్బు. సరిపడని వస్తువు కొంటే అది మంచం కిందకి వెళ్తుంది, కొన్నాళ్ళకి గిటార్ కూడా దాని వెనకే వెళ్తుంది. అలా వాయించడమే మానేసిన వాళ్ళు నాకు తెలుసు. అందుకే "రెండూ మంచివే బ్రో" అని తప్పించుకోను. ఈ వీడియో అయ్యేసరికి మీ కేసులో ఏది కొనాలో మీకే తెలిసిపోవాలి. మొదలుపెడదామా?

ముందు పేర్లు క్లియర్ చేసుకుందాం. పెడల్ అంటే ఒక పని చేసే చిన్న డబ్బా. కాలితో నొక్కితే ఆన్, మళ్ళీ నొక్కితే ఆఫ్. ఒకటి సౌండ్‌ని గరగరలాడిస్తుంది, అది డిస్టార్షన్. ఒకటి కొండల్లో అరిచినట్టు వాయించింది మళ్ళీ వినిపిస్తుంది, అది డిలే. ఒకటి పెద్ద హాల్లో వాయించినట్టు చేస్తుంది, అది రివర్బ్. ఇవన్నీ ఒకే డబ్బాలో సాఫ్ట్‌వేర్‌గా ఉంటే మల్టీ ఎఫెక్ట్స్ యూనిట్. మన దగ్గర షాపులో అయినా, చర్చిలో అయినా అందరూ దాన్ని ప్రాసెసర్ అనే అంటారు. నేను కూడా అదే మాట వాడతాను.

కొంచెం హిస్టరీ, రెండు నిమిషాలే. మాస్ట్రో ఫజ్-టోన్ అనే పెడల్ 1962లో వచ్చింది. 1965లో రోలింగ్ స్టోన్స్ 'సాటిస్‌ఫాక్షన్' పాటలో కీత్ రిచర్డ్స్ దాన్ని వాడాడు, దాంతో ఆ గరగర సౌండ్ ప్రపంచం మొత్తానికి తెలిసిపోయింది. 1977లో జపాన్ కంపెనీ బాస్, ఇప్పుడు మనం చూసే చిన్న కాంపాక్ట్ పెడల్స్ సిరీస్ మొదలుపెట్టింది. అదే సిరీస్‌లో 1978లో వచ్చిన ఆరెంజ్ రంగు డీఎస్-1 డిస్టార్షన్ పెడల్ ఇప్పటికీ కొత్తది దొరుకుతుంది. మీ నాన్నగారి వయసు దాదాపు అంతే ఉంటుందేమో చూసుకోండి.

1988లో అదే కంపెనీ ఎంఈ-5 అని ఒక మల్టీ ఎఫెక్ట్స్ తెచ్చింది. ఆ తర్వాత డీఎస్పీ చిప్‌లు చవకయ్యాయి. డీఎస్పీ అంటే దేవిశ్రీ ప్రసాద్ గారు కాదు, డిజిటల్ సిగ్నల్ ప్రాసెసింగ్. మీ గిటార్ నుంచి వచ్చే కరెంటు సిగ్నల్‌ని నంబర్లుగా మార్చి, ఆ నంబర్ల మీద లెక్కలు చేసి, మళ్ళీ సౌండ్‌గా మార్చే చిప్ అది. 1998లో లైన్ 6 కంపెనీ పాడ్ అనే ఎర్రటి డబ్బా తీసుకొచ్చింది. చిక్కుడు గింజ ఆకారంలో ఉంటుంది. అందులో ఎఫెక్ట్స్‌తో పాటు గిటార్ ఆంప్ సౌండ్‌ని కూడా సాఫ్ట్‌వేర్‌లో చేసి పెట్టారు. ఈ ఒక్క విషయం గుర్తుపెట్టుకోండి, మొదటి ప్రశ్నకి ఇదే కీలకం.

ప్రశ్న నంబర్ వన్: మీ సౌండ్ చివరికి ఎక్కడి నుంచి బయటికి వస్తుంది?

కొనే ముందు చాలామంది ఈ ప్రశ్న వేసుకోరు. విదేశీ ఛానల్స్‌లో ఆ గిటారిస్ట్ ఒక పెడల్ నొక్కగానే సౌండ్ అదిరిపోతుంది. కానీ ఆ పెడల్ వెనక ఏముందో చూడండి. ఒక గిటార్ ఆంప్, దాని స్పీకర్ ముందు ఒక మైక్. మన దగ్గర చర్చిలో అయినా, కాలేజ్ ఫెస్ట్‌లో అయినా, రిసెప్షన్ స్టేజ్ మీద అయినా చాలాసార్లు ఆంప్ ఉండదు. సౌండ్ వాళ్ళు ఒక వైరు చేతికిచ్చి "పెట్టుకో బ్రో" అంటారు. అది నేరుగా మిక్సర్‌కి, అక్కడి నుంచి పెద్ద స్పీకర్లకి వెళ్తుంది.

ఇప్పుడు తేడా చూడండి. ఆంప్‌లో ఉండే 12 అంగుళాల గిటార్ స్పీకర్ సుమారు 5 వేల హెర్ట్జ్ దాటాక సౌండ్‌ని బాగా తగ్గించేస్తుంది. అది దాని లోపం అనుకోకండి, గిటార్ సౌండ్‌లో సగం అదే. పీఏ స్పీకర్ అలా కాదు. పాడేవాళ్ళ గొంతు, తాళాలు, కీబోర్డ్, అన్నీ క్లియర్‌గా వినిపించాలి కాబట్టి మన చెవికి వినిపించే పై హద్దుకి దగ్గరగా 20 వేల హెర్ట్జ్ వరకు వెళ్ళేలా చేస్తారు. మీరు డిస్టార్షన్ పెడల్‌ని నేరుగా మిక్సర్‌లో పెడితే, గిటార్ స్పీకర్ ఆపేయాల్సిన ఆ పై గరగర మొత్తం జనం చెవుల్లో పడుతుంది. తేనెటీగలు డబ్బాలో ఇరుక్కున్నట్టు ఉంటుంది. అప్పుడు చాలామంది "పెడల్ బాలేదు" అనుకుంటారు. పెడల్ తన పని తను చేసింది. దాని తర్వాత ఉండాల్సిన ఆంప్, స్పీకర్ అక్కడ లేవు.

ప్రాసెసర్‌లో ఆ రెండూ సాఫ్ట్‌వేర్‌గా ఉంటాయి. ఆంప్ మోడల్, దాని తర్వాత క్యాబ్ సిమ్యులేషన్. కొత్త వాటిలో ఐఆర్ అని ఉంటుంది, అంటే ఇంపల్స్ రెస్పాన్స్. నిజమైన స్పీకర్ ముందు మైక్ పెట్టి, ఆ స్పీకర్, మైక్ కలిసి సౌండ్‌ని ఎలా మారుస్తాయో కొలిచి ఫైల్‌గా దాచేది. ఆ ఫైల్ లోడ్ చేస్తే మిక్సర్‌కి వెళ్ళే సౌండ్, ఆంప్ ముందు మైక్ పెట్టినట్టే ఉంటుంది.

ఇంకో చిన్న సంగతి. గిటార్ పికప్ నుంచి వచ్చే సిగ్నల్‌కి అవతల సుమారు 10 లక్షల ఓమ్‌ల ఇన్‌పుట్ కావాలి, అంటే 1 మెగాఓమ్. మిక్సర్ లైన్ ఇన్‌పుట్ సాధారణంగా 10 వేల ఓమ్‌ల దగ్గర ఉంటుంది. అందుకే మధ్యలో ఏమీ లేకుండా గిటార్‌ని మిక్సర్‌లో గుచ్చితే దుప్పటి కప్పినట్టు మొద్దుగా వినిపిస్తుంది. ప్రాసెసర్ అయితే ఈ సమస్య కూడా తీరుస్తుంది.

కాబట్టి మీకు ఆంప్ లేదు, వాయించే చోట కూడా ఆంప్ ఉండదు అంటే, మొదటి కొనుగోలు ప్రాసెసరే. "పెడల్స్‌లోనే రియల్ టోన్ ఉంటుంది" అని మీ ఫ్రెండ్ ఎంత చెప్పినా సరే. ఆంప్ లేకుండా కొన్న నాలుగు పెడల్స్, స్టవ్ లేని ఇంట్లో కొన్న నాలుగు గిన్నెల్లాంటివి.

హాస్టల్లో, పీజీలో ఉండేవాళ్ళకి ఇంకో లాభం. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని రాత్రి 11కి కూడా వాయించుకోవచ్చు, రూమ్మేట్‌కి తీగల టిక్ టిక్ తప్ప ఏమీ వినపడదు. బాస్ జీటీ-1 లాంటివి నాలుగు ఏఏ బ్యాటరీల మీద కూడా నడుస్తాయి, కరెంటు పోయినా పర్లేదు. కొన్నింటిని యూఎస్‌బీతో లాప్‌టాప్‌కి కలిపి నేరుగా రికార్డ్ చేయొచ్చు. కానీ కొనే ముందు అడగండి. కొన్ని చవక మోడల్స్‌లో యూఎస్‌బీ పోర్ట్ అప్‌డేట్స్ కోసం మాత్రమే ఉంటుంది, ఆడియో వెళ్ళదు.

ప్రశ్న నంబర్ టూ: ఒక్క సాయంత్రంలో మీకు ఎన్ని రకాల సౌండ్స్ కావాలి?

ఒక తెలుగు కవర్ బ్యాండ్ సెట్ ఊహించుకోండి. మొదటి పాట ఇళయరాజా గారి మెలొడీ. క్లీన్ గిటార్, కొంచెం కోరస్, మెల్లగా తీగ తీగకీ మీటాలి. తర్వాతది తమన్ గారి మాస్ బీట్, ఫుల్ డిస్టార్షన్. ఆ వెంటనే రెహమాన్ గారి పాట, డిలే, పెద్ద రివర్బ్. పాటకీ పాటకీ మధ్య యాంకర్ రెండు ముక్కలు మాట్లాడే లోపు మీరు మారిపోవాలి.

పెడల్స్‌తో అయితే కోరస్ ఆఫ్, డిస్టార్షన్ ఆన్, డిలే ఆఫ్. మూడు నొక్కులు, అదీ కరెక్ట్ బీట్ మీద. దీన్ని ఇంగ్లీష్ వాళ్ళు ట్యాప్ డాన్స్ అని సరదాగా అంటారు. ప్రాసెసర్‌లో ఈ మొత్తం సెట్టింగ్‌ని ఒక ప్యాచ్‌గా సేవ్ చేసుకుంటారు. ఒక్క నొక్కు చాలు. డిలే టైమ్ కూడా పాట స్పీడ్‌కి తగ్గట్టు సేవ్ అయి ఉంటుంది. దాని లెక్క చాలా ఈజీ. 60,000ని పాట బీపీఎంతో భాగించండి. 120 బీపీఎం పాటకి 500 మిల్లీసెకన్లు, అది ఒక బీట్. దాంట్లో ముప్పావు, అంటే 375 మిల్లీసెకన్లు పెడితే డాటెడ్ ఎయిత్. యూ2 బ్యాండ్ ఎడ్జ్ వల్ల ఫేమస్ అయిన ఆ పరుగెత్తే డిలే ఇదే. వర్షిప్ సాంగ్స్‌లో మీరు రోజూ వినేది కూడా ఇదే. పాటల స్పీడ్ మారే కొద్దీ ఈ నంబర్ మారాలి. పది పాటల సెట్‌లో ఆ పని చేత్తో చేయడం కష్టం.

మరి పెడల్స్ గెలిచే చోటు ఏది? మీ బ్యాండ్ ఒకే రకం మ్యూజిక్ చేస్తుంది, బ్లూస్ కానీ, రాక్ కానీ, మీ సొంత పాటలు కానీ. సాయంత్రం మొత్తానికి మీకు రెండు మూడు సౌండ్స్ చాలు. అప్పుడు పెడల్ అంత సుఖం ఇంకోటి లేదు. మూడు నాబ్‌లు, మూడూ కళ్ళ ముందే. స్టేజ్ మీద బేస్ ఎక్కువైంది అనిపిస్తే వంగి టోన్ నాబ్ తిప్పితే అయిపోయింది. ప్రాసెసర్‌లో అదే పనికి మెనూలోకి వెళ్ళి, బ్లాక్ సెలెక్ట్ చేసి, పేజీ మార్చి, వాల్యూ తగ్గించి, సేవ్ కొట్టాలి. అవతల డ్రమ్మర్ కర్రలు కొట్టి కౌంట్ ఇచ్చేస్తుంటాడు.

ప్రశ్న నంబర్ త్రీ: మీకు కావాల్సిన సౌండ్ ఏదో మీకు తెలుసా?

ఇది కొంచెం ఆలోచించి జవాబు చెప్పుకోండి. ఓవర్‌డ్రైవ్, డిస్టార్షన్, ఫజ్, ఈ మూడింటికీ తేడా కళ్ళు మూసుకుని విని చెప్పగలరా? మూడూ సౌండ్ వేవ్ తల నరికేవే. ఓవర్‌డ్రైవ్ మెత్తగా గుండ్రంగా కోస్తుంది, డిస్టార్షన్ గట్టిగా కోస్తుంది, ఫజ్ దాదాపు చదునుగా చెక్కేస్తుంది. వినడంలో తేడా చాలా ఉంటుంది. ట్యూబ్ స్క్రీమర్ అనే పచ్చ పెడల్ గొప్పదని అందరూ అంటారు. నిజమే. కానీ అది బేస్ తగ్గించి మధ్య ఫ్రీక్వెన్సీలు పెంచే పెడల్. అప్పటికే కొంచెం గరగరలాడుతున్న ఆంప్‌ని ఇంకొంచెం ముందుకి తోయడానికి బాగా పనికొస్తుంది. మెటల్ సౌండ్ కావాలని అదొక్కటే కొన్నవాళ్ళకి నిరాశే మిగులుతుంది.

తెలియకపోతే ప్రాసెసర్ ఒక స్కూల్ లాంటిది. అందులో పాతిక రకాల డ్రైవ్‌లు ఉంటాయి, ఒక్కోదానికీ వేరే డబ్బులు కట్టక్కర్లేదు. తెలిస్తే మాత్రం వంద ఎఫెక్ట్స్ ఉన్న డబ్బా మీకు అవసరం లేదు, ఆ ఒక్క పెడల్ కొనుక్కోండి.

ఇప్పుడు డబ్బుల లెక్క. ఇవి నిజం ధరలు కావు, లెక్క అర్థం కావడానికి అనుకుంటున్న నంబర్లు. ఒక్కో పెడల్ 5 వేలు అనుకుందాం. 20 వేలకి నాలుగు వస్తాయి కదా అనుకుంటారు. రావు. నాలుగు పెడల్స్‌కి కరెంటు కావాలి, వాటి మధ్య చిన్న ప్యాచ్ కేబుల్స్ కావాలి, అన్నిటినీ బిగించే బోర్డ్ కావాలి, మోయడానికి బ్యాగ్ కావాలి. వీటికి ఒక పెడల్ డబ్బులు, ఒక్కోసారి రెండు పెడల్స్ డబ్బులు పోతాయి. అంటే చేతికి వచ్చేవి రెండో మూడో.

కరెంటు గురించి జాగ్రత్త. ఎక్కువ పెడల్స్ 9 వోల్టుల డీసీ మీద నడుస్తాయి, పిన్ మధ్యలో నెగటివ్. మన ఇళ్ళల్లో రూటర్‌కీ, సెట్‌టాప్ బాక్స్‌కీ వచ్చే అడాప్టర్లలో చాలావాటికి మధ్యలో పాజిటివ్ ఉంటుంది, కొన్ని 12 వోల్టులు. పిన్ సరిపోయింది కదా అని గుచ్చితే పెడల్ కాలిపోవచ్చు. అడాప్టర్ మీద, పెడల్ వెనక ఒక చిన్న బొమ్మ ఉంటుంది, రెండూ ఒకేలా ఉన్నాయో లేదో చూశాకే పెట్టండి. ఇంకోటి, మిల్లీయాంప్స్. మామూలు అనలాగ్ ఓవర్‌డ్రైవ్‌కి 20 మిల్లీయాంప్స్ లోపే సరిపోతుంది. పెద్ద డిజిటల్ రివర్బ్ 300 వరకు లాగుతుంది. అన్నిటినీ ఒకే అడాప్టర్ నుంచి గొలుసులా కలిపితే డిజిటల్ పెడల్ నుంచి కీచుమని నాయిస్ రావడం మామూలే. దానికి మందు ఐసొలేటెడ్ పవర్ సప్లై, అంటే ఒక్కో పెడల్‌కి విడివిడిగా కరెంటు ఇచ్చేది. దానికి మళ్ళీ డబ్బులు.

నేను సాఫ్ట్‌వేర్ వాడిని కాబట్టి నా భాషలో చెప్తాను. ప్రాసెసర్ అంటే మోనోలిత్, పెడల్‌బోర్డ్ అంటే మైక్రోసర్వీసెస్. మోనోలిత్‌లో అన్నీ ఒకే చోట, సెటప్ ఈజీ, కానీ అది పడిపోతే మొత్తం పడిపోతుంది. మైక్రోసర్వీసెస్‌లో ఒకటి పాడైతే దాన్ని పక్కన పెట్టి మిగతావి నడిపించొచ్చు. కానీ ఏది పాడైందో వెతకడమే పెద్ద పని. ఒక ఫెస్ట్‌లో నేను ఆడియన్స్‌లో ఉన్నాను. ఏడు పెడల్స్ బోర్డ్ ఉన్న గిటారిస్ట్‌కి పాట మధ్యలో సౌండ్ ఆగిపోయింది. రెండు పెడల్స్ మధ్య అరచేయంత ప్యాచ్ కేబుల్ చచ్చిపోయింది. అది దొరికేసరికి బ్యాండ్ ఇంకో పాట గిటార్ లేకుండానే వాయించేసింది. అటు ప్రాసెసర్ అడాప్టర్ మర్చిపోయి వచ్చి, కీబోర్డ్ పక్కన చేతులు కట్టుకుని నిలబడ్డ వాళ్ళని కూడా చూశాను. రెండు దార్లలోనూ స్పేర్ కేబుల్, స్పేర్ అడాప్టర్ బ్యాగ్‌లో ఉండాల్సిందే.

వయసు సంగతి కూడా చూడాలి. డీఎస్-1 లాంటి అనలాగ్ పెడల్‌లో ఉండేవి చిప్, ట్రాన్సిస్టర్లు, డయోడ్లు, రెసిస్టర్లు. సోల్డరింగ్ బాగా వచ్చిన రిపేర్ షాపు ఆయన చాలావరకు బాగు చేసేస్తారు. పదేళ్ళ తర్వాత కూడా ఎవరో ఒకరు కొంటారు. ప్రాసెసర్ మన ఫోన్ లాంటిది. కొత్త మోడల్ రాగానే పాతదాని రేటు పడిపోతుంది. కంపెనీ అప్‌డేట్స్ ఆపేస్తే లాప్‌టాప్‌లో దాని ఎడిటర్ సాఫ్ట్‌వేర్ ఓపెన్ కాని రోజు వస్తుంది. అలాగని సాఫ్ట్‌వేర్ అంటే నష్టమే అనుకోకండి. లైన్ 6 హెచ్ఎక్స్ స్టాంప్ 2018లో వచ్చినప్పుడు ఒకేసారి ఆరు బ్లాక్‌లు వాడుకునేలా ఉండేది. తర్వాత ఫ్రీ అప్‌డేట్‌తో అవి ఎనిమిది అయ్యాయి. కొన్న పెడల్‌కి ఇంట్లో కూర్చుంటే కొత్త నాబ్ మొలవదు కదా.

ఇప్పుడు పెద్ద గొడవ. "డిజిటల్‌లో ఫీల్ ఉండదు, లేటెన్సీ ఉంటుంది" అంటారు. లేటెన్సీ అంటే తీగ మీటిన దగ్గర్నుంచి సౌండ్ వచ్చేదాకా పట్టే ఆలస్యం. ఇప్పటి మంచి ప్రాసెసర్లలో అది కొన్ని మిల్లీసెకన్లు మాత్రమే. సౌండ్ గాలిలో సెకనుకి సుమారు 343 మీటర్లు వెళ్తుంది. అంటే 3 మిల్లీసెకన్లలో మీటరు పైచిలుకు. ఆంప్ నుంచి ఒక అడుగు వెనక్కి వేసినా మీకు ఒక మిల్లీసెకను ఆలస్యం కలుస్తుంది. ఎవరూ దాని గురించి కంప్లయింట్ చేయరు.

ఫీల్ విషయంలో మాత్రం ఒక చోట పెడల్ వాళ్ళ మాటలో నిజం ఉంది. పాత తరహా ఫజ్ పెడల్స్ ఇన్‌పుట్ ఇంపీడెన్స్ చాలా తక్కువ. అవి గిటార్ పికప్‌తో నేరుగా ముడిపడి పనిచేస్తాయి. గిటార్ మీద వాల్యూమ్ నాబ్ కొంచెం తగ్గిస్తే ఆ గరగర మొత్తం తేటపడి గంటల్లా మోగుతుంది. ప్రాసెసర్ ఇన్‌పుట్ ఎప్పుడూ పికప్‌ని అలా ముట్టుకోదు, కాబట్టి ఇది సాఫ్ట్‌వేర్‌లో తేవడం కష్టం. కొన్ని ఖరీదైన యూనిట్లు ఇన్‌పుట్ ఇంపీడెన్స్ మార్చి దగ్గరికి వస్తాయి. మీరు ఫజ్ ప్రేమికులైతే పెడల్ కొనడానికి అది సరైన కారణం. డిలే, రివర్బ్ కోసం అయితే ఈ గొడవ అక్కర్లేదు. మార్కెట్లో ఉన్న డిలే, రివర్బ్ పెడల్స్‌లో ఎక్కువ భాగం లోపల డిజిటలే.

"ఇంట్లో ప్యాచ్ సూపర్‌గా ఉంది అన్నా, స్టేజ్ మీద చెత్తగా ఉంది." ఇది కూడా ప్రాసెసర్ తప్పు అనుకుంటారు. అసలు కారణం మన చెవి. తక్కువ వాల్యూమ్‌లో మన చెవికి బేస్ సరిగా వినపడదు, బాగా పై ట్రెబుల్ కూడా అంతే. 1933లోనే ఫ్లెచర్, మన్సన్ అనే ఇద్దరు దీన్ని కొలిచి చూపించారు. అందుకే రాత్రి పూట చిన్న వాల్యూమ్‌లో కూర్చుంటే మనం బేస్ పెంచుతాం, ట్రెబుల్ పెంచుతాం, మిడ్స్ తగ్గిస్తాం. అదే ప్యాచ్ స్టేజ్ మీద పెద్ద సౌండ్‌లో బేస్ గిటార్‌నీ, కిక్ డ్రమ్‌నీ గుద్దుకుంటుంది. గిటార్ ఉండాల్సిన మిడ్స్ మాత్రం ఖాళీ. కాబట్టి రిహార్సల్‌కి అరగంట ముందు వెళ్ళండి, అసలు స్పీకర్లలో, అసలు వాల్యూమ్‌లో ప్యాచ్ సెట్ చేసుకోండి. ఈ సలహాకి రూపాయి ఖర్చు లేదు, 20 వేల వస్తువు కంటే ఎక్కువ మార్పు తెస్తుంది.

ఓకే, ఇప్పుడు నా తీర్పు.

మీకు ఆంప్ లేదు, మిక్సర్‌లోకే వాయిస్తారు, రకరకాల పాటలు వాయించాలి: ప్రాసెసర్. ఇంకో ఆలోచన వద్దు.

మీకు ఆంప్ ఉంది, దాని క్లీన్ సౌండ్ మీకు నచ్చింది, ఒకటి రెండు సౌండ్స్ చాలు: ఒక మంచి డ్రైవ్ పెడల్ కొనండి. మిగిలిన డబ్బు బ్యాంకులో ఉంచండి. అన్నీ ఒకేసారి కొనక్కర్లేకపోవడమే పెడల్స్‌లో ఉన్న గొప్ప లాభం.

ఇంకా నేర్చుకుంటున్నారు, ఏ సౌండ్ కావాలో తెలియదు: చవకలో ఒక ప్రాసెసర్, సెకండ్ హ్యాండ్ అయినా పర్లేదు.

కానీ ప్రాసెసర్ కొన్నవాళ్ళకి నా దగ్గర ఒక కండిషన్ ఉంది. దాంట్లో వంద సౌండ్స్ ఉంటాయి కదా, అదే దాని విషం కూడా. ఆఫీస్ నుంచి వచ్చాక మీకు దొరికేది గంటన్నర. అందులో గంట ప్యాచ్‌లు మారుస్తూ, ఇంటర్నెట్ నుంచి కొత్త ప్యాచ్‌లు దింపుకుంటూ పోతుంది. రీల్స్ స్క్రోల్ చేయడానికీ దానికీ తేడా లేదు. వేళ్ళు మాత్రం ఉన్నచోటే ఉంటాయి.

అందుకని ఆరు నెలలు ఇలా చేయండి. ఖాళీ ప్యాచ్ తీసుకోండి. నాలుగే నాలుగు బ్లాక్‌లు పెట్టండి: ఒక డ్రైవ్, ఒక ఆంప్ విత్ క్యాబ్, ఒక డిలే, ఒక రివర్బ్. ఈ వరుసలోనే. ఒక్కో బ్లాక్‌ని ఒక్కో ఫుట్‌స్విచ్‌కి ఇచ్చేయండి. చిన్న మోడల్‌లో స్విచ్‌లు తక్కువుంటే డ్రైవ్‌కీ, డిలేకీ ఇస్తే చాలు. అంటే మీ ప్రాసెసర్‌ని పెడల్‌బోర్డ్‌లా వాడుతున్నారు. ప్రతి పాటా దీంతోనే వాయించండి. పాటకి నిజంగా అవసరమైతేనే ఐదో బ్లాక్ పెట్టండి.

ఆరు నెలల తర్వాత చూసుకోండి. ఏ బ్లాక్‌ని అసలు ఆఫ్ చేయడం లేదు? ఏ సౌండ్ దగ్గర "ఇంకొంచెం బాగుంటే" అనిపిస్తోంది? అదే మీరు కొనాల్సిన పెడల్. ఎవరి రివ్యూ చూడక్కర్లేదు, నా వీడియో కూడా చూడక్కర్లేదు. ఆ పెడల్‌ని గిటార్‌కీ ప్రాసెసర్‌కీ మధ్యలో పెట్టండి. ప్రాసెసర్ వెనక సెండ్, రిటర్న్ అని జాక్‌లు ఉంటే దాన్ని లోపలి వరుసలో ఎక్కడైనా పెట్టొచ్చు. స్టేజ్‌ల మీద ఎంతోమంది వాడేది ఈ మిక్స్ సెటప్పే. ఇష్టమైన డ్రైవ్ పెడల్స్ ఒకటి రెండు, మిగతా పని ప్రాసెసర్‌ది. అంటే ఇది ఒకసారి తేల్చేసే పోటీ ఏమీ కాదు. ముందు ఏది, తర్వాత ఏది అన్నదే ప్రశ్న.

సెకండ్ హ్యాండ్ తీసుకునే వాళ్ళకి గబగబా నాలుగు మాటలు. ప్రతి ఫుట్‌స్విచ్ పదిసార్లు నొక్కి చూడండి, ఒక్కసారి మిస్ అయినా బేరం ఆడండి. జాక్‌లో కేబుల్ పెట్టి మెల్లగా కదపండి, గరగర వస్తే జాక్ లూజ్. ఒరిజినల్ అడాప్టర్ ఇస్తున్నారో లేదో అడగండి. ఎక్స్‌ప్రెషన్ పెడల్ ఉంటే కింద నుంచి పై దాకా తొక్కి వాల్యూమ్ మెల్లగా పెరుగుతుందో, మధ్యలో గెంతుతుందో వినండి. కొత్తదైనా, పాతదైనా మీ సొంత గిటార్ తీసుకెళ్ళే టెస్ట్ చేయండి. షాపులో ఉన్న ఖరీదైన గిటార్‌తో ఏదైనా బాగానే ఉంటుంది.

ఇంకొక్క మాట. మీ గిటార్‌కి ఏడాది నుంచి అవే తుప్పు తీగలు ఉంటే, పై ఫ్రెట్స్‌లో శృతి కుదరకపోతే, ముందు కొత్త స్ట్రింగ్స్ వేయించి సెటప్ చేయించండి. శృతి లేని గిటార్‌కి రివర్బ్ పెడితే ఆ అపశృతి పెద్ద హాల్లో వినిపిస్తుంది, అంతే తేడా. దయచేసి ఈఎంఐలో కొనకండి. వాయించడం ఆపేసిన తర్వాత కూడా కట్టాల్సి వచ్చే ఈఎంఐ మనిషిని గిటార్ మీద కోపం వచ్చేలా చేస్తుంది.

సో ఫ్రెండ్స్, ఈ వారం మీకు హోంవర్క్. మీరు వాయించే పది పాటలు ఒక కాగితం మీద రాయండి. ఒక్కో పాట పక్కన ఏ ఏ ఎఫెక్ట్స్ కావాలో రాయండి. కింద ఒక లైన్, "నా సౌండ్ ఎక్కడికి వెళ్తుంది: ఆంపా, మిక్సరా?" ఆ కాగితం జేబులో పెట్టుకుని షాపుకి వెళ్ళండి. అమ్మే అన్న ఏం చెప్పినా ముందు కాగితం చూడండి, తర్వాత పర్సు తీయండి.

ఆ పది పాటల లిస్ట్ కింద కామెంట్‌లో పెట్టండి, కొన్ని తీసుకుని వచ్చే ఎపిసోడ్‌లో నాలుగు బ్లాక్‌లతోనే వాయించి చూపిస్తాను. వీడియో ఉపయోగపడింది అనిపిస్తే మీ బ్యాండ్ గ్రూప్‌లో షేర్ చేయండి. ఉంటాను మరి, ప్రాక్టీస్ మర్చిపోకండి.